గుప్పెడంత ఐసు

కోటబొమ్మాళి,
జూన్ 19

సాలూరు పెద్ద టీచరుగారైన మా అత్తకు,

ఉద్యోగంలో చేరాక ఉత్తరం రాయకపోతే నా గడప తొక్కనివ్వనన్నావుగా, ఇదిగో రాస్తున్నాను. నీ చెవులకు ఫోను పనికిరాదు, నీ కళ్లకు వాట్సాప్ పనికిరాదు. నీ ఎర్రసిరాకు మాత్రం ఇంకా ఏ రోగమూ రాలేదు. నా ఉత్తరం దిద్ది వెనక్కి పంపావంటే ఊరుకోను, ముందే చెబుతున్నా.

కోటబొమ్మాళిలో గది తీసుకున్నాను. బడి దిబ్బలపాలెంలో, సముద్రం ఒడ్డునే. ఊరంతా వేటకు వెళ్లేవాళ్లు, చేపలమ్మేవాళ్లు. ఒకటి, రెండు తరగతులకు కలిపి ఇరవై మూడు మంది పిల్లలు, నేనొక్కదాన్నే టీచర్ని. చేరి వారమే అయినా అందరి పేర్లూ నోటికి వచ్చేశాయి. నువ్వు ఎన్నేళ్లకు నేర్చావో తెలియదుగానీ పిల్లల్ని కూర్చోబెట్టడం నాకు పుట్టుకతోనే వచ్చినట్టుంది. నవ్వకు.

ఒక్కచోట మాత్రం తడబడ్డాను. నిన్న ఘన పదార్థాలు, ద్రవ పదార్థాలు మొదలుపెట్టాను. రాయి ఎక్కడ పెట్టినా దాని ఆకారం మారదు, నీళ్లు ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారంలోకి వస్తాయి, కనుక రాయి ఘనం, నీళ్లు ద్రవం అని చేసి చూపించాను. అంతా బుద్ధిగా తలలూపారు. రెండో తరగతిలో దాలమ్మ అని ఒకర్తి ఉంది. ముందు పన్ను ఊడింది. అది లేచి నిలబడింది.

"ఇసక కూడా గళాసులో ఏస్తే గళాసులాగే ఉంటాది గదా టీచర్. మరి ఇసక నీల్లలాంటిదేనా?"

"కాదు, ఇసుక గట్టిదే" అన్నాను.

"ఏం టీచర్?"

"పుస్తకంలో అలాగే ఉంది."

అది నమ్మలేదు అత్తా. దాని మొహం చూస్తే తెలిసిపోయింది. ఇసుక గురించి దానికి నేను చెప్పడమేమిటి, పుట్టినప్పట్నుంచి ఇసుకలోనే దొర్లింది. వాళ్ల నాన్న గంగరాజు గుజరాత్‌లో వేరావల్ రేవులో బోటు మీద పనిచేస్తాడట. ఇక్కడ తల్లి దేవి, నాయనమ్మ అసిరమ్మ ఉంటారు. నాయనమ్మ ఈ కోటబొమ్మాళి బజారుకే చేపలు తెచ్చి అమ్ముతుందట. ఇదంతా అదే చెప్పింది, అడక్కుండానే.

ఇసుకకు జవాబు తొందరగా పంపు. పిల్ల ఇవాళ మళ్లీ అడిగింది.

నీ మేనకోడలు,
అరుణశ్రీ


సాలూరు,
జూన్ 25

పుట్టుకతోనే పంతులమ్మ అయిన అరుణకు,

తొమ్మిది తప్పులు దిద్దాను. కాగితం వెనక్కి పంపడంలేదు, నా దగ్గరే దాచాను.

పుస్తకంలో ఉందన్నావా? ఆ పిల్ల నమ్మకపోవడం నీ అదృష్టం. నమ్మి ఉంటే ఇక ఏదీ అడిగేది కాదు.

ఇలా చెయ్యి. ఒక పళ్లెంలో గుప్పెడు ఇసుక మెల్లగా పొయ్యమను, కుప్పగా నిలబడుతుంది. ఇంకో పళ్లెంలో నీళ్లు పొయ్యమను. ఎంత మెల్లగా పోసినా కుప్ప నిలబడదు, అంచుదాకా పారిపోతుంది. బియ్యం పోసి చూడమను, ఉప్పు పోసి చూడమను, గంజి పోసి చూడమను. తర్వాత ఒక్క ఇసుక రేణువును వేలి మీద పెట్టి భూతద్దంలో చూపించు. అది చిన్న రాయి అని వాళ్లే అంటారు. నువ్వు అనకు. నీ నోరు నీ వశంలో ఉంటుందా లేదా అనేది నా భయం.

ఇంకో పని కూడా చెయ్యి. ప్రతి పిల్లా ఇంటి నుంచి ఒక ఘనం, ఒక ద్రవం తేవాలని చెప్పు. సరిగ్గా తెచ్చినవాళ్లకు ఒక కాగితం నక్షత్రం అంటించు. ఇళ్లలో ఉన్నవి చూసి, తాకి, ఒంపి, నొక్కి తెలుసుకోవాలి. ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత ఈ పని చేయించాను, ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

అన్నం వేళకు తిను. చేపల ఊరు కదా అని రోజూ పులుసే తినకు.

మీ అత్త,
రాజకుమారి


కోటబొమ్మాళి,
జూలై 4

నా విజయాన్ని చదవబోతున్న అత్తకు,

బ్రహ్మాండం! మొన్న సోమవారం మా బడి చూసి ఉంటే నీకు మళ్లీ ఉద్యోగంలో చేరాలనిపించేది.

ఎల్లాజీ వలకు కట్టే సీసపు గుళ్లు తెచ్చాడు, కూల్‌డ్రింకు సీసాలో డీజిలు తెచ్చాడు. డీజిలు దూరంగా పెట్టించానులే, కంగారుపడకు. లక్ష్ముడు తాటిముంజ తెచ్చి, ఇందులో రెండూ ఉన్నాయి కనక వేరే తేనక్కర్లేదన్నాడు. ముంజను నొక్కితే నీళ్లు చిమ్మి ముందు వరుస మొహాలన్నీ తడిశాయి. ఒకమ్మాయి గంజి, ఎండు చేప తెచ్చింది. ఇద్దరన్నదమ్ములు ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీచేపను గమేళాలో వేసుకుని మోసుకొచ్చారు. అది గట్టిదా, నీళ్లా అని అరగంట కొట్లాట. చివరకు "పళ్లెంలో పోస్తే పారిపోలేదు, ముద్దగా కూచుంది, కాబట్టి గట్టిదే, కాకపోతే ఒట్టి బద్దకం గట్టిది" అని తీర్పు చెప్పుకున్నారు. నేను నోరెత్తలేదు. నువ్వు చూడలేదు కదా, ఎలా నమ్మిస్తాను?

ఇసుక కుప్ప ప్రయోగం కూడా పండింది. రేణువును భూతద్దంలో చూడగానే "రాయి! బుల్లి రాయి!" అని అరిచారు. ఇరవై రెండు నక్షత్రాలు గోడకు అంటించాను. పక్క ఊరి హెడ్‌మాస్టరుగారు ఆ గోడ ఫొటో తీసి మండలం టీచర్ల గ్రూపులో పెట్టారు. మెచ్చుకుంటూ పదహారు మంది రాశారు.

ఇప్పుడైనా ఒప్పుకో, పుట్టుకతోనే వచ్చిందని.

అరుణ


సాలూరు,
జూలై 10

అరుణా,

ఈసారి అక్షరదోషాలు రెండే. పెద్ద తప్పు అంకెల్లో ఉంది. జూన్ ఉత్తరంలో ఇరవై మూడు మంది పిల్లలు. జూలై ఉత్తరంలో ఇరవై రెండు నక్షత్రాలు. నక్షత్రం రానిది ఎవరికి?

ఎవరికో నాకు తెలుసు. మొదటి ఉత్తరంలో సగం కాగితం ఇసుక పిల్ల గురించే రాశావు. రెండోదాంట్లో దాని పేరే లేదు. జెల్లీచేపకు అన్ని వాక్యాలు ఖర్చుపెట్టి, ఆ పిల్ల ఏం తెచ్చిందో చెప్పకపోవడమేమిటే? భూతద్దంలో రేణువు చూసి అది ఏమందో వినాలని నేను నాలుగు రోజులు పోస్టుమాన్ దారి చూశాను.

ఏం జరిగిందో రాయి. అందంగా రాయక్కర్లేదు.

రాజకుమారి


కోటబొమ్మాళి,
జూలై 16

అత్తా,

నీతో పెట్టుకోకూడదు. రాస్తున్నాను.

ఆ సోమవారం దాలమ్మ ఒక సీసా, మూతున్న చిన్న స్టీలు క్యాను తెచ్చింది. తన వంతు రాగానే "సీసాలోది నీల్లలాంటిది టీచర్, క్యానులోది గట్టిది" అని మూత తీసి చూపించింది. క్యానులో నీళ్లు, చేపల వాసన వేస్తున్న నీళ్లు. సముద్రం నీళ్లు ముంచుకొచ్చిందనుకున్నాను.

"ఇవి రెండూ నీళ్లేగా దాలమ్మా" అన్నాను.

"ఐసు టీచర్. గట్టిదే తెచ్చినాను."

ఎల్లాజీ గట్టిగా నవ్వాడు. మిగిలినవాళ్లూ అందుకున్నారు. గోల తగ్గించాలని నేను తొందరపడ్డాను. "తేవడం మర్చిపోతే మర్చిపోయానని చెప్పాలి, అబద్ధం ఆడకూడదు" అన్నాను. అందరి ముందూ అన్నాను. అది ఏడవలేదు. క్యాను మూత నొక్కిపెట్టి వెనక్కి వెళ్లి కూర్చుంది. ఇసుక కుప్ప పోసినప్పుడు తల కూడా ఎత్తలేదు. మర్నాటి నుంచి బడికి రావడంలేదు.

జ్వరమేమో, వస్తుందిలే అనుకుంటూ రోజులు గడిపాను. నీకు రాసేటప్పుడు ఆ ముక్క తీసేస్తే ఉత్తరం ఎంత బాగుందో! అందుకే తీసేశాను.

నిన్న సాయంత్రం బజారులో కవళ్ల చేపలు కొంటుంటే చేపలామె నన్ను ఎగాదిగా చూసి "దిబ్బలపాలెం టీచరమ్మ మీరేనా?" అంది. అసిరమ్మ. దాలమ్మ నాయనమ్మ.

"మీ ఇస్కూలుకేనమ్మా అది ఐసు పట్టుకెల్లింది. సేపల ఐసు పెట్టె మూత తీసి అలాగే ఒగ్గీసినాది. ఎండకి సేపంతా మెత్తబడిపోనాది. కోపమొచ్చి రెండు పీకినాను. అప్పుడు ఏడవనేదు. అబద్దం ఆడినావని టీచరన్నారని సెప్పి, అప్పుడేడ్సినాది."

ఆమె నన్ను తిట్టలేదు. చేప కోస్తూనే మిగతాది చెప్పింది.

"వచ్చే నెల ఇరవై రెండున మా కోడలు దేవి వేరావల్ ఎల్తాది, మొగుడి కాడికి. అక్కడ రొయ్యలు ఒలిసే పని. పిల్లని నా కాడ ఒగ్గీ, సదువుకుంటాదని నానే సెప్పినాను. దేవికీ అదే మనసు. ఇప్పుడది ఇస్కూలుకే ఎల్లనంటాది. నాను తెల్లారి బుట్ట ఎత్తితే పొద్దోయి వస్తాను. ఇస్కూలుకెల్లని పిల్లని ఇంటికాడ ఒక్కర్తినీ ఎలాగుంచుతాను? తల్లితో పంపీడమే."

తప్పు నాదే అని ఆ నిమిషంలో అనాలి కదా. "రేపట్నుంచి పంపండి" అని మాత్రం అన్నాను. చేపలు అక్కడే మర్చిపోయి వచ్చేశాను.

అత్తా, ఆ పిల్ల వేరావల్ వెళ్తే ఇక బడి మొహం చూడదు. ఏం చెయ్యాలో చెప్పు.

అరుణ


సాలూరు,
జూలై 22

అరుణా,

ఉత్తరం చదివి నీమీద వచ్చిన కోపం తగ్గాక రాద్దామని రెండు రోజులు ఆగాను. తగ్గలేదు. అలాగే రాస్తున్నాను.

ఆ క్యానులో చెయ్యి పెట్టి చూశావా? అప్పుడే కరిగిన ఐసు నీళ్లు చల్లగా ఉంటాయి. ఒక్క వేలు పెడితే నిజం తెలిసిపోయేది. పదార్థాల గుణాలు చెప్పే టీచరువి, తాకి చూడమని పిల్లలకు చెప్పినదానివి, నువ్వు తాకలేదు. పోనీ, క్యాను గట్టిదే కదా? దానికైనా నక్షత్రం ఇవ్వడానికి చెయ్యి రాలేదా?

ఇప్పుడు నా సంగతి. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ బెడిసికొట్టలేదని రాశానే, అది అబద్ధం.

నేను ఇక్కడ సాలూరు బడిలో చేరిన కొత్తలో అప్పలసూరి అని మూడో తరగతి కుర్రాడు ఉండేవాడు. వాళ్ల నాన్న లారీల షెడ్డులో మెకానిక్కు. ఇదే పాఠం. వాడు డబ్బా మూతలో గ్రీజు తెచ్చి, ఇది గట్టిదా, నూనెలాంటిదా అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం చేతకాలేదు. పైగా నా కొత్త చీరకు ఆ గ్రీజు అంటింది. "నీ తెలివి షెడ్డులో చూపించుకో, పో" అన్నాను. వాడు లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పిల్లలు మానేయడం మామూలే అనుకుని పేరు కొట్టేశాను. ఇప్పుడు వాడికి ఇక్కడే సొంత షెడ్డు ఉంది. కూరల కొట్టుకు దగ్గరి దారి ఆ షెడ్డు ముందు నుంచే. ఇన్నేళ్లుగా నేను చుట్టుదారిన పోతున్నాను. ఇది మీ మావయ్యకు కూడా చెప్పలేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు దగ్గరి దారినే వెళ్లాను. వాడు లేచి, స్టూలు తుడిచి వేశాడు. "గ్రీజు గురించి అడిగావు, గుర్తుందా?" అన్నాను. వాడు ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పమన్నాను. పాపం, లారీ డ్రైవర్లందరి ముందూ అరిచి చెప్పాల్సి వచ్చింది.

"గ్రీజు సంగతి గుర్తునేదు టీచరమ్మా! మీరు షెడ్డుకి పొమ్మంటే ఎల్లినాను. మల్లీ రమ్మని సెప్పడానికి మీరొస్తారేమోనని నాల్రోజులు షెడ్డు గుమ్మంలోనే కూకున్నాను!"

నేను ఆ నాలుగు రోజుల్లో ఒక్కరోజు నడిచి ఉంటే చాలునే అరుణా. బడికీ షెడ్డుకీ మధ్య రెండు వీధులు.

గ్రీజు గురించి ఇప్పుడు నేను వాణ్ని అడిగాను. "నొక్కితే కదుల్తాది, ఒగ్గేస్తే నిలబడతాది. అందుకే గదా బేరింగుల్లో పెడతాం" అన్నాడు. ఇంత చక్కగా చెప్పే పిల్లాణ్ని బయటికి పంపాను.

నిన్ను ఆ ఇంటికి పంపడానికి నాకు ఇంతకంటే మాటలు లేవు. రేపు, ఎల్లుండి అనకు.

మీ అత్త


కోటబొమ్మాళి,
ఆగస్టు 1

అత్తా,

వెళ్లాను. నీ ఉత్తరం అందిన సాయంత్రమే, బడి విడిచిపెట్టి తిన్నగా వెళ్లాను.

దేవి చాప వేసి టీ ఇచ్చింది. దాలమ్మ మూల ఉన్న వలల కుప్ప వెనక నక్కింది. నేను ఆ కుప్ప ముందు నేలమీద కూర్చుని చెప్పాను. "నువ్వు తెచ్చింది ఐసే. అబద్ధం ఆడావని నేనన్నది తప్పు. నన్ను క్షమించు" అన్నాను. పెద్ద పని చేశాననే అనుకున్నాను.

దాలమ్మ తల బయటపెట్టింది.

"ఎల్లాజీకి సెప్పినారా?"

"లేదు."

"లక్ష్ముడికి?"

"లేదు."

"మరి నాకు సెప్తే ఏటి టీచర్? అది ఐసేనని నాకు తెల్సు గదా."

మళ్లీ వలల వెనక్కి పోయింది. అసిరమ్మ కసిరినా రాలేదు. దేవి నన్ను గుమ్మందాకా సాగనంపింది. "నాకూ దాన్ని ఆ రొయ్యల షెడ్డుల్లోకి తీసుకెల్లాలని నేదు టీచర్. కానీ అది వినకపోతే నానేటి సేస్తాను? రెండు టికెట్లూ తీసీసినారు" అంది.

వాళ్ల ప్రయాణానికి ఇంకా ఇరవై ఒక్క రోజులున్నాయి. బళ్లో అందరికీ చెప్పేస్తే వస్తుందంటావా?

అరుణ


సాలూరు,
ఆగస్టు 6

అరుణా,

ఏడేళ్ల పిల్ల నీకు దారి చూపించాక నన్నెందుకు అడుగుతావు? అందరి ముందూ అన్నమాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి.

కానీ ఒట్టి మాటగా చెబితే టీచరు జాలిపడి చెబుతోందనుకుంటారు పిల్లలు. ఎల్లాజీలాంటివాడు అసలు నమ్మడు, నమ్మకూడదు కూడా. చేసి చూపించు. అదే క్యాను, అంతే ఐసు, అదే దారి. మొత్తం తరగతిని నడిపించు.

ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో వేయిస్తున్నాను, అప్పలసూరి షెడ్డులో కుర్రాడు పట్టుకెళ్తున్నాడు.

రాజకుమారి


కోటబొమ్మాళి,
ఆగస్టు 24

అత్తా,

నువ్వు కంగారుగా ఉంటావని తెలుసు. అంతా తేలాక ఒకేసారి రాద్దామని ఆగాను.

పదమూడో తారీకు, గురువారం. పొద్దున్నే పిల్లలందరినీ అసిరమ్మ ఇంటికి తీసుకెళ్లాను. ముందురోజే ఆమెతో మాట్లాడాను. తల్లి చెప్పినా రానన్న దాలమ్మ, అంతమంది పిల్లలు గుమ్మంలోకి వచ్చేసరికి ఏం జరుగుతోందో చూడాలని బయటికొచ్చింది. "ఆ రోజు ఎంత ఐసు తీశావో అంతే తియ్యి" అన్నాను. అది నావైపు, నాయనమ్మవైపు మార్చి మార్చి చూసింది. తర్వాత పెట్టె మూత తీసి, గుప్పెడంత ముక్క కొట్టించుకుని క్యానులో వేసి, ఈసారి పెట్టె మూత మళ్లీ గట్టిగా పెట్టింది. అసిరమ్మ కూడా బుట్ట నెత్తిన పెట్టుకుని మా వెనకే బయల్దేరింది.

బోట్లు బాగుచేసే చోట ఆగి మూత తీశాం. ఇరవై మూడు వేళ్లు క్యానులోకి దూరాయి. ఐసు అలాగే ఉంది, అడుగున కాస్త తడి, అంతే. కుళాయి దగ్గర ఆగాం. ఐసు చుట్టూ కాసిని నీళ్లు. ఎల్లాజీ ప్రతిచోటా అందర్నీ తోసుకుని ముందుకొచ్చి చూస్తున్నాడు. నాకు మహా ఉత్సాహంగా ఉంది, పాఠం దానంతటదే నడుస్తోంది. సరిగ్గా తొమ్మిదికి బడి మెట్ల దగ్గర మూత తీశాను.

సగం ఐసు అలాగే ఉంది.

"కరగనేదు! కరగనేదు! దాలి అబద్దమే ఆడినాది!" అని ఎల్లాజీ గెంతాడు.

ఊరంతా నడిపించి ఆ పిల్లను రెండోసారి అబద్ధాలకోరును చేశానే అనిపించింది. "ఆ రోజు ఎండ కాసింది, ఇవాళ మబ్బు పట్టింది కదా" అని ఏదో సర్దబోయాను. దాలమ్మే నన్ను ఆపింది.

"కాదు టీచర్. ఆ రోజు కూడా ఇక్కడికొచ్చీసరికి ఇంతే ఉన్నాది. మీరే నేరు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సోమవారం కల్వర్టు దగ్గర నా ఆటో ఆగిపోయింది. నేను బడికి వచ్చేసరికి పదిన్నర. నీకు రాసిన ఏ ఉత్తరంలోనూ ఆ సంగతి లేదు. దాచలేదు అత్తా, ఒట్టు. అసలు అది లెక్కలోకి వచ్చే సంగతని నాకు తోచనేలేదు. ఆ గంటన్నరా దాలమ్మ ఈ మెట్టు మీద క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాటిమాటికీ మూత తీసి చూసుకుందట, కరిగిపోతోందని. టీచరు రాదేమని రోడ్డు వైపు చూసిందట. దొంగచాటుగా తెచ్చి, ఇంటిదగ్గర దెబ్బలు తప్పవని తెలిసి తెచ్చిన ఐసు.

"అవును టీచర్, ఆ రోజు ఐసు నాకు సూపించినాది. నాను ముట్టుకున్నాను" అన్నాడు లక్ష్ముడు.

"మరి ఆ రోజే చెప్పలేదేంరా?"

"మీరు అడగనేదు."

అందర్నీ మెట్ల మీద కూర్చోమన్నాను. "ఆ రోజు దాలమ్మ పదిన్నర దాకా ఆగింది. మనమూ ఆగుదాం" అన్నాను. నేనూ వాళ్ల మధ్యే కూర్చున్నాను. అసిరమ్మ బుట్ట దించి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు బజారు వేళ దాటిపోతోంది. వెళ్లిపొమ్మన్నా వెళ్లలేదు.

ఊరికే కూర్చుని ఐసు కరగడం చూడటం ఎంత కష్టమో చేసి చూడు. పదిన్నర దాకా నాకు గడియారం కదల్లేదు. ఆ సోమవారం ఆ పిల్లకు మాత్రం గబగబా పరిగెత్తి ఉంటుంది. పదింటికి రేగుపండంత మిగిలింది. పావుగంటకు చింతగింజంత. అప్పుడు ఎల్లాజీ తనంతట తను అన్నాడు, "ఇంక గట్టిది నేదన్నట్టే టీచర్" అని. దాలమ్మ మూత పెట్టేసి పదిన్నర దాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. తీశాక ఒట్టి నీళ్లు, చేపల వాసన.

నేను చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. ఒక్కొక్కర్నీ పెట్టమన్నాను. అప్పుడు లేచి నిలబడి చెప్పాను: "ఆ రోజు దాలమ్మ గట్టి వస్తువే తెచ్చింది. వేళకే తెచ్చింది. ఆలస్యంగా వచ్చింది నేను. నేను రాకపోవడం వల్ల అది నీళ్లయింది. నీళ్లు చూసి, చెయ్యి కూడా పెట్టకుండా తనను అబద్ధం ఆడావన్నాను. తప్పు దాలమ్మది కాదు, నాది."

నవ్వినందుకు ఎల్లాజీ చెవులు పట్టుకుని మూడు గుంజీలు తీశాడు, ఎవరూ చెప్పకుండానే. దాలమ్మ వాడికి లెక్కపెట్టింది.

అసిరమ్మ లేచి బుట్ట నెత్తికెత్తుకుంది. "పిల్ల నా కాడే ఉంటాది. కోడలికి నాను సెప్పుకుంటాను" అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మీరు మాత్రం ఏలకి రండమ్మా."

రెండో టికెట్టు రద్దుచేశారు. మొన్న ఇరవై రెండున దేవి ఒక్కర్తే వెళ్లింది. దాలమ్మ తల్లి కొంగు పట్టుకుని ఆటోదాకా వెళ్లిందట. అసిరమ్మ దాన్ని ఎత్తుకుని వెనక్కి తెచ్చిందట. ఆ రోజు బడికి రాలేదు. నేను పిలవడానికీ వెళ్లలేదు. తల్లి వెళ్లిన దుఃఖం నా పాఠంతో తీరేది కాదు, ఆ ఒక్కరోజూ దాన్ని ఏడవనివ్వాలనిపించింది. నిన్న ఆదివారమంతా మాత్రం నాకు అన్నం సయించలేదు. వస్తుందా, రాదా అని.

ఇవాళ మొదటి ఆటో పట్టుకున్నాను. ఎనిమిదిన్నరకల్లా బడి దగ్గర దిగాను. మెట్టు మీద దాలమ్మ కూర్చుని ఉంది, తలకు నూనె రాసుకుని, రెండు జడలు బిగించుకుని. కళ్లు ఇంకా ఉబ్బి ఉన్నాయి.

"ఈయేల బేగొచ్చీసారేటి టీచర్?" అంది.

"నీకంటే ముందు రావాలని" అన్నాను.

"రానేకపోనారు గదా" అంది, పుస్తకాల సంచి జరిపి నాకు చోటిస్తూ.

నీ మేనకోడలు,
అరుణశ్రీ